నల్లకొనల చెవులు

వాల్దెసార్సా,
1952 నవంబరు 16, ఆదివారం

నా పిచ్చుకా, విసీ,

నీ పేరు రాయడానికే ఇంతసేపు పట్టింది. నేను బడికి పోయింది మూడేళ్ళు, అందులో సగం రోజులు ఆలివ్ కాయలు ఏరడానికే సరిపోయాయి. అక్షరాలు వంకరగా ఉన్నాయని ఆ డాక్టరుగారి ఇంట్లో ఎవరికీ చూపించకు. పాదిరీగారు రాసిపెడతానన్నారు. వద్దన్నాను. ఆయన రాస్తే అన్నీ దేవుడి మాటలే పడతాయి, నా మాటలు పడవు.

నువ్వు వచ్చి వెళ్ళి మూడు వారాలు దాటింది. వచ్చినట్టే లేదు. మీ అన్న మీద మట్టి వేస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకున్నావు, అది గుర్తుంది. నా వేళ్ళు పచ్చగా ఉండటం చూసి చూపు తిప్పుకున్నావు, అదీ గుర్తుంది. కడుక్కోలేదనుకున్నావేమో. అది కుంకుమపువ్వు రంగు తల్లీ, వారం దాకా వదలదు. ఆ ఆదివారం నేను పక్కూళ్ళో పూలు ఒలుస్తున్నాను. పొద్దున కోసిన పూలు సాయంత్రానికి వాడిపోతాయి, అందుకని బల్ల ముందు కూర్చుంటే లేవనివ్వరు. గుమ్మంలో ఎవడో నిలబడి "ఇక్కడ బసీలిసా ఎవరమ్మా?" అన్నాడు. పూల కుప్ప మీంచి చెయ్యెత్తాను, బడిలో పిల్లలా. అలా తెలిసింది నాకు.

బట్టలన్నీ కాగులో వేసి నల్లరంగు పట్టించాను. రంగు నీళ్ళు వీధిలో పారబోస్తే పక్కింటి ఫ్రొయిలానా మేకపిల్ల అందులో అడుగు పెట్టింది. నాలుగు నల్ల కాళ్ళతో తిరుగుతోంది. మీ అన్న ఎలాదియో ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

వాడి ఫెర్రెట్, కనేల, అదే బయటికొచ్చింది. ముంగిసలా ఉండే ఆ జంతువు నీకు గుర్తుందో లేదో, నీ చిన్నప్పుడు దాని అమ్మమ్మ ఉండేది మనింట్లో. దాన్ని బొరియలోకి వదిలితే కుందేళ్ళు భయపడి బయటికి ఉరుకుతాయి, వలలో పడతాయి. ఒక్కోసారి అది లోపల కుందేల్ని చంపి తిని అక్కడే నిద్రపోతుంది. అప్పుడు మనిషి గట్టు తవ్వి, తల ముందు పెట్టి దూరి, దాన్ని లాగాలి. మూడోరోజు అది వెనక కన్నంలోంచి తాపీగా వచ్చింది, ఒళ్ళు చేసి మరీ. దానికోసమే వాడు దూరాడు.

విసీ, నేను అడగాలనుకున్నది ఒక్కటే. మనవాళ్ళలో ఎవడూ ఒంటరిగా బొరియలో తల పెట్టడు. వెనక ఒకరు రెండు చీలమండలూ పట్టుకుని ఉండాలి. ఇసక కదిలిందంటే ఒక్క గుంజు గుంజి బయటికి లాగేస్తారు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఎలాదియోకి మీ నాన్న పట్టాడు. ఆయన పోయాక నేను పట్టాను. పరాయివాళ్ళకి ఎవరూ చీలమండలు ఇవ్వరు. ఆ రోజు వాడితో ఉన్నది నువ్వు చేసుకోబోయే లెయాండ్రో ఒక్కడే. అతను గార్డులకి చెప్పాడు, పాదిరీగారికి చెప్పాడు. నా ముందు మాత్రం టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, నేల చూసి వెళ్ళిపోయాడు. తప్పు పట్టట్లేదు. నీకు చెప్పే ఉంటాడుగా? ఏం చెప్పాడో ఉన్నదున్నట్టు రాయి. అదొక్కటీ తెలిస్తే నాకు నిద్ర పడుతుందేమో.

నిన్ను కన్నది,
బసీలిసా


మద్రిద్,
1952 నవంబరు 24

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం అందింది. నువ్వే రాశావని చూసి చాలాసేపు దాన్ని విప్పలేదు. ఎవరికీ చూపించలేదు.

లెయాండ్రో చెప్పింది రాస్తున్నాను. అతన్ని మళ్ళీ అడగడం నాకు ఇష్టంలేదు, ఆ రోజు మాటెత్తితే లేచి బయటికి పోతాడు. డాక్టరుగారు స్నేహితులతో అక్కడి ఎస్టేటులో కౌజుల వేటకు వచ్చారు. కారు నడిపేవాడికి పగలంతా పనిలేదు, అందుకని ముందే కబురు పెట్టి అన్నయ్యని చూడటానికి ఊళ్ళోకి వచ్చాడు. అన్నయ్య ఎంతో మర్యాద చేశాడట. "విసి పనిచేసే ఇంటి అమ్మగారికి నాలుగు కుందేళ్ళు పట్టిద్దాం పద బావా" అన్నాడట. బావా అన్నాడమ్మా, మొదటిరోజే.

కనేల లోపలికి పోయి రాలేదు. ఇద్దరూ కూర్చుని ఎదురుచూశారు. ఇంతలో కోసిన చేలోంచి ఒక పెద్ద కుందేలు లేచింది. పొడుగు కాళ్ళు, చెవులు బారెడు, చెవుల కొనలు సిరాలో ముంచినట్టు నల్లగా ఉన్నాయట. అది దూసుకొచ్చి ఆ బొరియలోకే దూరింది. అన్నయ్య దాని వెనకే తల పెట్టేశాడు. ఆగమనేలోపే గట్టు కూలింది. లెయాండ్రో చేతులతో తవ్వాడు. వేలి గోళ్ళు రెండు ఊడిపోయాయి, నేనే కట్టు కట్టాను. చీలమండల సంగతి అతనికెలా తెలుస్తుంది? అతను పట్నంలో పుట్టిన మనిషి.

అమ్మా, ఇంకో మాట. అన్నయ్య పోయిన ఏడాదిలో పెళ్ళేమిటని నువ్వంటావని తెలుసు. విందు ఉండదు, తెల్ల గౌను ఉండదు. ఫిబ్రవరిలో పొద్దుటి పూజలో చేసేసుకుంటాం. చర్చివాళ్ళకి నా జ్ఞానస్నానం కాగితం కావాలి, అది మనూరి చర్చి పుస్తకంలో ఉంది. పాదిరీగారి చేత రాయించి పంపు. నాకు ఇక్కడ ఎవరూ లేరు. ఇక్కడ నన్ను చూసుకున్న పిన్ని పోయాక పనిమనుషుల గదిలో నా మంచం ఒక్కటే నాది.

నీ కూతురు,
విసితాసియోన్


వాల్దెసార్సా,
1952 డిసెంబరు 1

విసీ, బంగారం,

నీ అక్షరాలు ఎంత చక్కగా ఉన్నాయే! ఎండలో కూర్చుని నాలుగుసార్లు చదివాను. బావా అన్నాడన్న చోట ఆగిపోయాను. అంత తొందరగా ఎవర్నీ అలా అనేవాడు కాదు వాడు. ఫ్రొయిలానా కొడుకుని పదేళ్ళుగా "ఒరేయ్ గుమ్మడికాయ్" అనే పిలిచాడు.

కానీ తల్లీ, నువ్వు రాయడంలో ఏదో తేడా పడింది. మళ్ళీ అడుగు.

నువ్వు తొమ్మిదో ఏట పట్నం పోయావు, నీకివి తెలియవు. పట్నంలో చెవులున్నదల్లా కుందేలే. మాకు అవి రెండు. ఒకటి కుందేలు, రెండోది చెవులపిల్లి. మీ నాన్న పట్టుకొస్తే వందలు వందలు నా చేతులతో తోలు ఒలిచాను, టోపీలవాళ్ళకి పంపేవాళ్ళం. కళ్ళు మూసుకుని ముట్టుకున్నా ఏది ఏదో చెప్తాను. కుందేలు పొట్టిది, కాళ్ళు పొట్టి, చెవులు పొట్టి, చెవుల చివర నలుపు ఉండదు. నేలలో బొరియ తవ్వుకుని పది ఇరవై కలిసి ఉంటాయి. భయమేస్తే అది ఎరిగిందల్లా బొరియే. చెవులపిల్లి అలా కాదు. దానికి ఇల్లు లేదు. చేలో మట్టిపెళ్ళల మధ్య ఒళ్ళు పట్టేంత పల్లం చేసుకుని ఒంటరిగా పడుకుంటుంది. కాలితో తొక్కేదాకా కదలదు. కదిలిందా, ఇక పరుగే, ఆ కొండ దాకా పరుగే. కుక్కలు మీద పడి చీలుస్తున్నా సరే నేలలోకి మాత్రం దూరదు. దానికి చీకటంటే ఊపిరాడదు. పిల్లల్ని కూడా బయటే పెడుతుంది, ఆ పిల్లలు కళ్ళు తెరుచుకుని బొచ్చుతోనే పుడతాయి. కుందేలు పిల్లలు మాత్రం గుడ్డివిగా, వేలెడంత ఎర్ర మాంసం ముద్దల్లా పుడతాయి.

నువ్వు రాసిన నల్లకొనల చెవులు, బారెడు కాళ్ళు, అది చెవులపిల్లి. అది బొరియలోకి దూరదు విసీ. నా యాభై నాలుగేళ్ళలో చూడలేదు, మీ నాన్న చూడలేదు, ఆయన తండ్రి చూడలేదు. ఎలాదియో దాని వెనక తల పెట్టడం అంతకంటే జరగదు. వాడు ఎరిగిన పని అది.

అబ్బాయి కంగారులో ఏదో చూసి ఏదో అనుకుని ఉంటాడు. నిదానంగా అడుగు. అతను ఎక్కడ నిలబడ్డాడు, వాడి కాళ్ళు ఎవరు పట్టారు, అంతే.

కాగితం సంగతి పాదిరీగారికి చెప్పాను. ఆయనకి జలుబు, పుస్తకం తీసే ఓపిక లేదన్నారు. మళ్ళీ వెళ్తాను. పందిని కోసే రోజులు వచ్చాయి. ఫ్రొయిలానా ఈసారి నన్ను పిలవలేదు. చావు ఇంటి చేతులు తగిలితే మాంసం పాడవుతుందని నమ్మకం కదా. పిలవకపోయినా రక్తం సాసేజి ముక్క ఒకటి గోడ మీద పెట్టి పోయింది.

మీ అమ్మ


మద్రిద్,
1952 డిసెంబరు 9

అమ్మా,

కోపం తగ్గాక రాద్దామని మూడురోజులు ఆగాను. తగ్గలేదు.

ఒక మనిషి కళ్ళముందు ఇంకో మనిషి చచ్చిపోతే, నువ్వు చెవుల రంగు అడుగుతున్నావు! చెవులు నల్లగా ఉంటే లెయాండ్రో అబద్ధాలకోరు అయిపోతాడా? పాదిరీగారికి జలుబట! నా కాగితం అడిగితే ఎక్కడలేని జలుబూ వచ్చింది ఆయనకి. నాకు అర్థం కాదనుకుంటున్నావా? నీకు లెయాండ్రో ఇష్టంలేదు. అసలు నాకు ఎవరైనా ఉండటమే నీకు ఇష్టంలేదు.

ఎప్పుడూ అనని మాట ఇప్పుడంటాను. కరువు ఏడాది ఇంట్లో ఇద్దరు పిల్లలున్నాం. నువ్వు ఒకర్ని పెట్టుకుని ఒకర్ని పంపించేశావు. నన్ను బస్సెక్కించి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి నడిచిపోయావు. కిటికీలోంచి నీ వీపు చూశాను. పన్నెండేళ్ళలో రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ కుర్చీ అంచున కూర్చుని వెళ్ళిపోయావు. ఉంచుకున్నవాడు పోయాడు కాబట్టి ఇప్పుడు పంపించిన దాని మీద కన్ను పడింది.

లెయాండ్రోకి కుందేళ్ళ సంగతి తెలియదంటావా? ఆ రోజు అతను సొంతంగా ఒకటి కొట్టాడు, డాక్టరుగారి తుపాకీతో. అన్నయ్య చూసి మెచ్చుకున్నాడట కూడా. కారులోంచి తీసి వంటింట్లో ఇచ్చింది నాకే. వెనక కాళ్ళు పట్టుకుని ఎత్తితే నా నడుము నుంచి మోకాలి కిందిదాకా వేలాడింది, అంత పొడుగు! చెవులకి నువ్వు చెప్పే ఆ నలుపు కూడా ఉంది. వంటామె తొమాసా ఏదో పేరు చెప్పింది, నాకు అన్నీ ఒకటే. రాత్రంతా వైన్‌లో నానబెట్టి, సోమవారం మధ్యాహ్నం తెల్ల చిక్కుళ్ళతో వండింది. మాంసం ఎద్దు మాంసంలా నల్లగా, ఘాటుగా ఉంది. అందరూ లొట్టలేశారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. లెయాండ్రో ఒక్క ముక్క ముట్టలేదు. నేను తినడం పూర్తయ్యాక బయటికి పిలిచి, అప్పుడు చెప్పాడు అన్నయ్య సంగతి. ఆదివారం నుంచి గుండెల్లో పెట్టుకుని, నేను కడుపునిండా తిన్నాకే చెప్పాలని ఆగాడు. అలాంటి మనిషిని నువ్వు అనుమానిస్తున్నావు.

కాగితం పంపు. అంతకన్నా నీ దగ్గర నాకేం అక్కర్లేదు.

విసితాసియోన్


వాల్దెసార్సా,
1952 డిసెంబరు 17

విసీ,

ముందు నీ కాగితం. ఈ కవర్లోనే ఉంది, పాదిరీగారి ముద్ర వేయించాను. ఆయనకి నిజంగానే జలుబు, కాగితం మీద ఒక చుక్క మరక ఉంది, అది నా కన్నీళ్ళనుకునేవు, ఆయన ముక్కు. పట్టి ఉంచుకోవాలని నాకు లేదు. పెళ్ళి చేసుకో, మానుకో, ఆ కాగితం నీది.

నీ ఉత్తరం చదువుతుంటే పొయ్యి మీద చారు మాడిపోయింది. వీపు మాట దగ్గర కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను. నల్ల మాంసం దగ్గర.

కుందేలు మాంసం తెల్లగా ఉంటుంది తల్లీ, కోడి మాంసంలా. చెవులపిల్లిదే నలుపు. నువ్వు తిన్నది చెవులపిల్లి. అంటే చెవులపిల్లి నిజంగానే లేచింది ఆ రోజు. అబ్బాయి దాన్ని చూశాడు. కానీ అది బొరియలోకి పోలేదు, అతని కారులోకి పోయింది.

ఎలాదియో మెచ్చుకున్నాడన్నావే, ఫెర్రెట్ లోపల ఉండగా పక్కన తుపాకీ పేలిస్తే వాడు మెచ్చుకోడు, తన్నేవాడు. ఆ పనిలో దగ్గు కూడా ఆపుకుంటారు. చప్పుడైతే లోపలివి బయటికి రావు. వాడి ప్రాణం ఉండగా అక్కడ తుపాకీ పేలదు, వాడు వినగలిగే చోట ఉండగా పేలదు.

గొర్రెలు కాసే ఇహీనియోని అడిగాను. "ఆ ఆదివారం గట్టు వైపు ఏమన్నా విన్నావా అన్నా?" అంటే, "పూజ అయిపోయిన గంట కొట్టాక ఒక్క దెబ్బ విన్నా. ఎవరో షోకు దొర వచ్చాడు, ఒక్క దెబ్బకి కొట్టాడనుకున్నా. అరుపేదీ వినలేదు బసీలిసా, ఒట్టు" అన్నాడు. అరుపు ఎలా వినిపిస్తుంది, నోరు ఇసకలో ఉంటే.

నిన్న గట్టు దగ్గరికి వెళ్ళాను. పోయిన నెలలోనే వెళ్ళాల్సింది, కాళ్ళు రాలేదు. గట్టు నుంచి కోతచేలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఎనభై మూడో అడుగు దగ్గర ఎర్ర తూటా గొట్టం ఒకటి దొరికింది, వానకి రంగు వెలిసి. నా గౌను జేబులో ఉంది.

నేను అబ్బాయిని ఏమీ అనను. హంతకుడని అనను. అతన్ని ఒక్క మాట అడుగు, నువ్వే అడుగు. తుపాకీ ఎత్తడానికి రెండు చేతులు కావాలి. ఎలాదియో చీలమండలకీ రెండు చేతులు కావాలి. మనిషికి ఉన్నవి రెండే.

ఇప్పుడు నా వీపు. బస్సు కదిలేదాకా నేను ఉంటే నిన్ను దింపేసేదాన్ని. ఆ ఏడాది మీ ఇద్దరి కడుపులకీ వేసేది ఇంట్లో లేదు. నువ్వు చిన్నదానివి, నువ్వే ముందు పోతావని అందరూ అన్నారు. అందుకే పంపాను, ఎక్కువ బతకాల్సినదాన్ని పంపాను. తల్లి కుందేలు ఏం చేస్తుందో చూశావా? అందరితో ఉండే బొరియలో కనదు. దూరంగా చిన్న కన్నం తవ్వుతుంది. తన పొట్ట మీది బొచ్చే పీక్కుని పరుస్తుంది. పిల్లల్ని పెట్టి, పైన మట్టితో మూసేసి వెళ్ళిపోతుంది. రోజుకి ఒక్కసారి, కాసేపు, పాలిచ్చి మళ్ళీ మూసేసి పోతుంది. చూసినవాళ్ళు రాక్షసి తల్లి అంటారు. కూర్చుని కాపలా కాస్తే దాని వాసన పట్టుకుని నక్క వస్తుంది, అందుకని పోతుంది. నా ఒంటి మీద పీక్కోవడానికి మిగిలినదంతా నీ మూటలో కట్టాను. ఆ ఉన్ని శాలువ మా అమ్మది. నీకు గుర్తులేదు.

కానీ అది రోజూ వస్తుంది. నేను పన్నెండేళ్ళలో రెండుసార్లు వచ్చాను. ఆ మాట నిజం. 

అమ్మ


మద్రిద్,
1952 డిసెంబరు 28

అమ్మా,

అడిగాను.

క్రిస్మస్ మర్నాడు, వంటింట్లో. తొమాసా చేపలు కడుగుతోంది. నేను "లెయాండ్రో, మా అన్నయ్య చీలమండలు పట్టుకున్నావా?" అన్నాను. మామూలుగా అడిగాను, ఉప్పు అందించమన్నట్టు. అతని మొహం చూడగానే తొమాసా చేపల గిన్నె అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది.

పట్టుకున్నాడు. అన్నయ్యే నేర్పాడట, బొటనవేళ్ళు ఎక్కడ పెట్టాలో, ఎలా గుంజాలో. "ఇది ఇంటివాళ్ళ పని బావా, ఇవాళ్టితో నువ్వు మా ఇంటివాడివి" అన్నాడట. నడుము దాకా దూరాక లోపల్నుంచి నవ్వుతూ అన్నాడట, "గట్టిగా పట్టు, చక్కిలిగిలి పెట్టకు!" అని. అంతలో చేలోంచి అది లేచింది. తుపాకీ పక్కనే ఉంది. "ఒక్క క్షణం అనుకున్నాను విసీ. అంత పెద్దదాన్ని ఎప్పుడూ చూడలేదు. నీకు తెచ్చిద్దామనుకున్నాను" అన్నాడు. నాకోసమటమ్మా.

నాలుగు అడుగులు, ఇంకో నాలుగు, అలా వెళ్ళిపోయాడు. కొట్టాడు. దాన్ని చెవులు పట్టుకుని ఊపుకుంటూ తిరిగొచ్చాడు, అన్నయ్యకి చూపిద్దామని. వచ్చేసరికి అక్కడ బొరియ లేదు. ఏ చోటో కూడా తెలియలేదట. బూట్ల మడమలు రెండు కనిపించాయి, అంతే. తవ్వాడు, అది అబద్ధం కాదు. ఎంతకీ కాక ఊళ్ళోకి పరిగెత్తాడు. చేతిలో దాన్ని వదలకుండానే పరిగెత్తి, ఊరి బయట ఆపిన కారులో పడేశాడు.

"మరి బొరియలో దూరిందని ఎందుకు చెప్పావు?" అని అడిగాను. "గార్డులు ఏమైందని అడిగితే నా కళ్ళముందు అదే ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా" అన్నాడు. ఏడ్చాడు. నేను ఏడవలేదు.

ఉంగరం ఇచ్చేశాను. అతను తీసుకోలేదు. గిన్నెల అరలో పెట్టి వచ్చాను. ఇంకా అక్కడే ఉంది, రోజూ ప్లేట్లు తీసేటప్పుడు కనిపిస్తుంది. అతను డాక్టరుగారిని సెలవు అడిగి ఎటో వెళ్ళాడు. ఎటో నాకు తెలియదు.

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే ఉండనీ.

నేను దాన్ని తిన్నానమ్మా. రెండుసార్లు వడ్డించుకున్నాను. అన్నయ్య అక్కడ నేల మీద చాప కింద పడుకుని ఉంటే నేను ఇక్కడ రొట్టెతో ప్లేటు తుడుచుకుని మరీ తిన్నాను. ఆ వాసన ముక్కులోంచి పోవట్లేదు. ఏది నోట్లో పెట్టినా అదే. రెండురోజులుగా నీళ్ళూ పాలూ తప్ప ఏమీ దిగట్లేదు. అమ్మగారు నీరసంగా ఉన్నావేమిటని కసురుతున్నారు. నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండేది. అలా అని అతనితో బతికి, ఎప్పుడో ముసలితనంలో తెలిసి ఉంటే? తెలియదమ్మా. ఏమీ తెలియడం లేదు. ఏం చెయ్యమంటావు?

విసి


వాల్దెసార్సా,
1953 జనవరి 4, ఆదివారం

నా పిచ్చుకా, నా చిన్ని విసీ,

అతను ఎటు వెళ్ళాడో నాకు తెలుసు. ఇక్కడికే వచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా వచ్చాడు. తలుపు తీస్తే టోపీ చేత్తో పట్టుకుని, మొదటిసారి నిలబడ్డట్టే నిలబడ్డాడు. కూర్చోమనలేదు. "అమ్మగారూ, నేను వదిలేశాను" అన్నాడు. "తెలుసు" అన్నాను. "గార్డుల దగ్గరికి పోయి నిజం చెప్పమంటే చెప్తాను" అన్నాడు. "చెప్తే వాళ్ళు కొత్త కాగితం రాస్తారు అబ్బాయ్. వాడి చావు కాగితం నా దగ్గర ఒకటి ఉంది, చాలు" అన్నాను.  ఇన్ని రోజులు ఎన్ని తిట్లు దాచుకున్నానో, ఒక్కటి రాలేదు. కనేల గూటిలో గీరుతోంది. 

అప్పుడు నా నోట్లోంచి ఈ మాట వచ్చింది. "ఎలాదియో టోపీ ఆ గట్టులోనే ఉండిపోయింది. వాడిని తీసినవాళ్ళు టోపీ సంగతి చూసుకోలేదు. తీసుకురావాలి, పద."

ఊరంతా చూస్తుండగా నడిచాం. ఫ్రొయిలానా గుమ్మంలోంచి "వాడితోనా బసీలిసా?" అని అరిచింది. నడక ఆపలేదు. మగవాళ్ళు ఆ రోజు తవ్విన గుంత పక్కన నేను చిన్నపారతో కొంచెం తవ్వాను. నేల మీద పడుకున్నాను. "చీలమండలు పట్టు" అన్నాను.

అతను వెనక్కి జరిగాడు. "వద్దమ్మగారూ, నావల్ల కాదు, ఇంకెవరినైనా పిలుస్తాను" అన్నాడు. "నా వాళ్ళు ఇంకెవరూ లేరు" అన్నాను. "పట్టు."

ఎందుకు చేశానో అడగకు. అతనికి శిక్ష వేద్దామనుకున్నానో, వాడు పోయిన చోటికే నేనూ పోదామనుకున్నానో, ఇప్పటికీ తెలియదు. రెండూ అయి ఉండొచ్చు. దూరాను. భుజాల దాకా, నడుము దాకా. చల్లగా, గడ్డి వేళ్ళ వాసనతో ఉంది లోపల. మీ అన్న చివరిసారి పీల్చింది ఆ వాసనే. చెవుల్లో ఇసక రాలుతోంది, సన్నగా, జల్లెడ పట్టినట్టు. అతని బొటనవేళ్ళు నా ఎముక దాకా దిగుతున్నాయి. పట్టు వదల్లేదు. ఒక్క వేలు కూడా సడల్లేదు విసీ.

టోపీ దొరకలేదు. చెయ్యి చాపి తడుముతుంటే పక్కగోడలో మట్టి మెత్తగా, కొత్తగా తగిలింది. వేళ్ళు లోపలికి పోయాయి. వెచ్చగా ఉంది. బొచ్చు. బొచ్చు కింద బఠాణీ గింజంత గుండెలు కొట్టుకుంటున్నాయి, నాలుగో అయిదో. బొచ్చు ఇంకా లేని, కళ్ళు రాని పిల్లలు. వాడు పోయిన గట్టులోనే వచ్చి కన్నదది. ఎన్ని వందల తల్లుల తోలు ఒలిచాయో ఈ చేతులు, ఎప్పుడూ లెక్క చెయ్యలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ మట్టిని ఎలా ఉన్నదాన్ని అలా పూడ్చాను, తడిమి తడిమి. తర్వాత కాలు రెండుసార్లు కదిపాను. అతను లాగాడు. ఎంత బలంగా లాగాడంటే నా గడ్డం గీసుకుపోయింది.

 అతను నేల మీద మోకాళ్ళ మీద ఉండిపోయాడు. నేను ఇంటికి వచ్చేశాను. సాయంత్రం బస్సుకి వెళ్ళాడని చెప్పారు.

నా చీలమండల మీద అతని వేళ్ళు ఇంకా నీలంగా ఉన్నాయి. పది వేళ్ళు, లెక్కపెట్టుకోవచ్చు. పొద్దున మేజోళ్ళు వేసుకునేటప్పుడు చూస్తాను. నా కొడుక్కి కావలసిన నీలం మరకలు నాకు వచ్చాయి. వాటిని ఏం చేసుకోనే? క్షమించానా అంటే లేదు. నీళ్ళు అడిగితే ఇస్తాను, అంతవరకే. నువ్వు అతన్ని చేసుకుంటావో వద్దో, ఆ మాట నేను చెప్పను. నాకు చెప్పే మొహం లేదు, ఎందుకో వినమ్మా.

ఆ శనివారం ఎలాదియో నన్ను అడిగాడు. "అమ్మా, రేపు గట్టు మీదికి పోదాం, కాళ్ళు పట్టడానికి రా." నేను పూలు ఒలవడానికి ఒప్పుకున్నానన్నాను. "ఒక్కరోజు మానెయ్యి" అన్నాడు. నేను మానలేదు. "విసి పెళ్ళికొడుకు వస్తాడుగా, వాడి చేతులు ఎందుకున్నాయి?" అన్నాను. వెక్కిరింతగానే అన్నాను. వాడు నవ్వి, "పట్నపు చేతులు పట్టుకుంటాయంటావా?" అన్నాడు. "పట్టుకోకపోతే అల్లుడెలా అవుతాడు?" అన్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, పాదిరీగారి దగ్గర పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు. నీకు రాసిన ప్రతి ఉత్తరంలో కాళ్ళు ఎవరు పట్టారని అడిగినప్పుడల్లా నన్ను నేనే అడుక్కున్నాను.

కాబట్టి నువ్వు తిన్న ఆ రెండు వడ్డనల సంగతి నా దగ్గర ఏడవకు. నీకు తెలియదు, తిన్నావు. అది పాపం కాదు. ఆకలితో ఉన్న ఆడపిల్ల పళ్ళెంలో పెట్టింది తింది. నేను నిన్ను పంపించిందే అందుకు, పళ్ళెంలో ఏదో ఒకటి ఉంటుందని. ఆ పల్లెటూరి చావు పట్నంలో నీ గొంతుకి అడ్డం పడితే ఇక నేను పంపించి ఏం లాభం?

గురువారం బస్సుకి వస్తున్నాను. కుర్చీ అంచున కూర్చోను ఈసారి. నీ మంచం మీదే కూర్చుంటాను, అమ్మగారు ఏమన్నా సరే. ఫ్రొయిలానా కనేలని చూసుకుంటానంది. శాలువ ఇంకా ఉంటే తీసి ఉంచు, దాని అంచు ఊడిపోయి ఉంటుంది, కుట్టిపెడతాను. శనగలూ, ఇంట్లో చేసిన రొట్టెలూ తెస్తున్నాను. మాంసం ఏదీ తేవడం లేదు.

అప్పటిదాకా నాలుగు రోజులున్నాయి. తొమాసాని అడిగి వెల్లుల్లి చారు చేయించుకో, అందులో రొట్టె ముక్కలు నానేసుకుంటే గొంతు దిగుతుంది. దిగకపోయినా ఇంకో చెంచా పెట్టుకో. కడుపునిండా తిను, విసీ.